రీజెన్ మోటార్ పెట్టించుకున్న మా గిరాకీలకు

హన్మకొండలో మా సైకిల్ షాపుకి వచ్చే అందరికీ నమస్తే.

సంక్రాంతి తర్వాత నుంచి మీలో పదకొండు మంది సైకిళ్లకు డైరెక్ట్ డ్రైవ్ మోటార్ (గేర్లు లేకుండా చక్రాన్ని నేరుగా తిప్పేది) బిగించి ఇచ్చాను. బ్రేకు పట్టినప్పుడల్లా మోటారే డైనమోలా మారి బ్యాటరీకి కరెంటు పంపుతుంది, దీన్ని రీజెన్ అంటారు, ఒక్క ఛార్జింగ్‌కు నూటికి ఇరవై వంతులు ఎక్కువ దూరం వస్తుంది అని చెప్పాను. సరుకు పంపినవాళ్లు చెప్పిన మాటను నేను పరీక్షించకుండా మీకు చెప్పాను. ఆ ఇరవై తప్పు. మీరు నా మాట నమ్మి ఎక్కువ డబ్బు పెట్టారు కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

నాకు ముందు అనుమానం కలిగించింది నయీంనగర్‌లో పాలు పోసే పెద్దాయన. "బిడ్డా, పాత మోటార్‌తో ఎంత పోయేదో ఇది కూడా అంతే పోతోంది" అన్నారు. ఇంటింటికీ ఆగే మనిషి. రోజులో ఆయన పట్టినన్ని బ్రేకులు మన ఊళ్లో ఇంకెవరూ పట్టరు. ఆయనకే లాభం రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

అప్పుడు నా సైకిల్‌కే ఆ మోటార్ పెట్టి, బ్యాటరీ లైన్‌లో మీటర్ వేసుకుని మూడు వారాలు తిరిగాను. కాజీపేట నుంచి ఫాతిమానగర్, సుబేదారి, హన్మకొండ చౌరస్తా మీదుగా వరంగల్ స్టేషన్ దాకా, మళ్లీ వెనక్కి. వాడిన కరెంటులో తిరిగి బ్యాటరీకి చేరింది ఏ రోజూ నూటికి ఐదు దాటలేదు.

లెక్క వేస్తే ఎందుకో అర్థమైంది. మనిషి, సైకిల్ కలిపి 100 కిలోలు, వేగం గంటకు 25 కిలోమీటర్లు అనుకోండి. ఆ వేగంలో బండికి ఉండే శక్తి మొత్తం 0.67 వాట్ అవర్ (వెయ్యి వాట్ అవర్లు కలిస్తే ఒక యూనిట్ కరెంటు). బ్రేకు పట్టినప్పుడు అందులో సగం బ్యాటరీకి చేరితే గొప్ప. తొక్కకుండా మోటార్ మీదే పోతే కిలోమీటరుకు సుమారు 10 వాట్ అవర్లు కావాలి. అంటే పూర్తి వేగం నుంచి ఒకసారి ఆగితే మనకు తిరిగొచ్చేది 33 మీటర్ల ప్రయాణం. పాలు పోసే పెద్దాయన ఇంటికీ ఇంటికీ మధ్య అందులో సగం వేగం కూడా అందుకోరు. వేగం సగమైతే శక్తి నాలుగో వంతే మిగులుతుంది. పైగా బాగా నెమ్మదించాక రీజెన్ పనిచేయదు. మనం ఖర్చు పెట్టే కరెంటులో ఎక్కువ భాగం గాలిని తోయడానికి, టైర్ల రాపిడికి పోతుంది. అది ఏ మోటార్‌తోనూ వెనక్కి రాదు.

కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసే సార్ ఒకరు, "మా ఇంజన్లలో ఇదే పద్ధతితో కరెంటు పైన తీగకు వెళ్తుంది కదా, అక్కడ లాభమేగా?" అని అడిగారు. నిజమే. అక్కడ వేల టన్నుల బరువు, ఇనుప పట్టాల మీద ఇనుప చక్రం, రాపిడి చాలా తక్కువ. అందుకే ఆపేటప్పుడు బోలెడు శక్తి చేతికొస్తుంది. సైకిల్‌కు ఆ బరువు లేదు.

డబ్బు సంగతి కూడా చూడండి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు, ఐదు రూపాయల లోపే. అందులో నూటికి ఐదంటే పావలా. ఇంకోవైపు డైరెక్ట్ డ్రైవ్ మోటార్, గేర్ మోటార్ (లోపల చిన్న గేర్లు ఉండేది) కంటే రెండు కిలోల దాకా బరువెక్కువ. ఛార్జింగ్ అయిపోయి తొక్కుతుంటే లోపలి అయస్కాంతాలు వెనక్కి లాగుతాయి. మీలో కొందరు "కాళ్లు లాగుతున్నాయి" అన్నది దీని వల్లే.

గేర్ మోటార్ ఉన్నవాళ్లు కంట్రోలర్ (మోటార్‌కు కరెంటు పంపే పెట్టె) మార్చి రీజెన్ పెట్టమని అడుగుతున్నారు. వద్దు. ఆ మోటార్ లోపలే ఫ్రీవీల్ (ఒక వైపు తిప్పితేనే పట్టే చక్రం) ఉంటుంది, చక్రం మోటార్‌ను తిప్పలేదు. పెడల్ దగ్గర మోటార్ ఉండే సైకిళ్లకూ ఇంతే, వెనక చక్రం ఫ్రీవీల్ అడ్డు.

రీజెన్ పనికిరానిదని మాత్రం అనను. అది మంచి బ్రేకు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ లాంటి చోట బరువేసుకుని దిగేవాళ్లకు బ్రేక్ ప్యాడ్లు వేడెక్కవు, త్వరగా అరగవు. అలాంటి దారిలో రోజూ తిరిగేవాళ్లకు ఇప్పటికీ అదే పెట్టిస్తాను. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ పట్టదు. కాబట్టి మామూలు బ్రేకులు ఎప్పుడూ కండిషన్‌లో ఉండాలి. వరంగల్, హన్మకొండ రోడ్ల మీద అంత దిగుడే లేదు. కాజీపేట బ్రిడ్జి దిగేటప్పుడు మీటర్ కాస్త కదులుతుంది, అంతే. ఇక్కడ దూరం పెరగాలంటే వారానికోసారి టైర్లలో గాలి సరిగ్గా కొట్టించుకోండి, బ్రేకు షూ రిమ్‌కు రాసుకోకుండా చూసుకోండి. రెండూ మా దగ్గర ఉచితం.

ఆ పదకొండు మందికి రెండు దారులు. గేర్ మోటార్‌కు మారతామంటే మార్చి ఇస్తాను, మజూరీ తీసుకోను, ధరలో తేడా వెనక్కి ఇస్తాను. ఇదే ఉంచుకుంటామన్నా ఆ తేడా ఇచ్చేస్తాను. పెద్దాయన మోటార్ నిన్ననే మార్చాను.

ఏది ఎంచుకున్నా ఈ వారంలోనే ఒకసారి సైకిల్ తీసుకురండి. మామూలుగా మోటార్ ఇరుసును ఒక వైపే తిప్పాలని చూస్తుంది, రీజెన్ పడినప్పుడు రెండో వైపు. ఇలా ముందుకీ వెనక్కీ లాగిలాగి నట్లు వదులవుతాయి, ఇరుసు కూర్చునే గాడి అరుగుతుంది. మీ సైకిళ్లకు టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫ్రేమ్‌కు పట్టి ఉంచే పట్టీ) ఒక వైపే వేశాను, రెండో వైపు కూడా వేయాలి. పది నిమిషాల పని, డబ్బులేమీ వద్దు. తెచ్చేదాకా రీజెన్ స్విచ్ ఆఫ్‌లో పెట్టి నడపండి.