జ్ఞాపకశక్తి కోసం కాదు, గిటార్ కోసమే

సంపాదకులకు నమస్కారం.

రిటైరయ్యాక సంగీతం నేర్చుకుంటే మతిమరుపు దగ్గరికి రాదనీ, వేళ్లకి మంచి వ్యాయామమనీ మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వేశారు. డాక్టర్లు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ అంత వ్యాసంలో సంగీతం గురించి ఒక్క ముక్క లేదు. పెద్దవాళ్లం ఏది మొదలుపెట్టినా అది మందో కాలక్షేపమో అయితీరాలా? నేను అరవై దాటాక ఫ్లమెంకో గిటార్ పట్టుకున్నాను. ఫ్లమెంకో అంటే దక్షిణ స్పెయిన్ సంగీతం. బీపీ మాత్ర ఎప్పటిలాగే వేసుకుంటున్నాను. అయినా బాగుంది.

నేను కోర్టులో స్టెనోగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఉద్యోగం స్పెయిన్‌లో, మాలగా ఊళ్లో. అక్కడ పెన్యా హువాన్ బ్రేవా అని 1958 నుంచీ నడుస్తున్న ఫ్లమెంకో క్లబ్బు ఉంది. అందులోనే పాత గిటార్లు పెట్టిన మ్యూజియం కూడా ఉంది. మా కోడలు పాట వినడానికి తీసుకెళ్లింది. అందరూ గాయకుణ్ణి చూస్తుంటే నా కళ్లు గిటార్ ఆయన మీదే. ఆయన తన వేళ్లకేసి చూడడు. పాడేవాడి నోటినే చూస్తున్నాడు, సాక్షి నోరెప్పుడు విప్పుతాడా అని చూసే స్టెనోలాగా. పాట సాగితే ఆగాడు, పాట ఆగితే అందుకున్నాడు. ఇది నా పనే కదా అనిపించింది.

తిరిగొచ్చాక మా ఊళ్లో ఒక గిటార్ క్లాసులో అడిగాను. “మనవడికా అమ్మా?” అన్నారు. నాకేనన్నాను. “ఈ వయసులో గిటారెందుకండీ, కీబోర్డు తేలిక” అన్నారు. కీబోర్డు మీదే కదా సర్వీసంతా గడిచింది! చివరికి మాలగాలోనే ఒక గురువు దొరికారు, వీడియోలో. చలికాలంలో అక్కడ సాయంత్రం ఐదంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర. ఇంట్లో అందరూ తినేసి, గిన్నెలయ్యాక నా పాఠం.

టైపు హయ్యర్ పాసైన వేళ్లు కదా, ఇట్టే వచ్చేస్తుందనుకున్నారు మావాళ్లు. టైపులో వేలు కిందికి కొడుతుంది. ఫ్లమెంకోలో రస్గెయాదో అని ఒక దెబ్బ ఉంది. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలినీ తీగల మీదుగా బయటికి విసరాలి. వేలు చాపే ఆ కండరాలు మోచేతి కిందుగా, ముంజేతి పైవైపు ఉంటాయట. ఇన్నేళ్ల సర్వీసులో వాటికి ఇలాంటి పని పడలేదు! చిటికెన వేలు విసిరితే ఉంగరపు వేలు కూడా తోసుకొచ్చేస్తుంది. చేయి లాగితే ఆపేయమంటారు గురువుగారు, పంతం పట్టొద్దంటారు. కుడిచేతి గోళ్లు కాస్త పెంచాలి. అంట్లు తోమితే అవి విరుగుతాయి. అక్కడి వాళ్లు గోళ్లకి సూపర్ గ్లూ రాసుకుంటారని చెప్తే మా ఆయన ముక్కున వేలేసుకున్నారు. ఇప్పుడు అంట్లు ఆయనే తోముతున్నారు. మీ వ్యాసంలో రాయని లాభం ఇదొకటి.

అన్నిటికన్నా కష్టం లెక్క. సొలెయా అనే నిదానమైన పాటకి పన్నెండు లెక్కల తాళం. గట్టి దెబ్బ పడేది 3, 6, 8, 10, 12 మీద. చిన్నప్పుడు తొడ మీద ఆది తాళం వేసిన చెయ్యి నాది, బరువంతా ఒకటో లెక్క మీద పెడుతుంది. ఇక్కడ ఒకటి దగ్గర ఏమీ ఉండదు. వాయించే వరస పదో లెక్కకి ముగుస్తుంది. అందుకని గురువుగారు ముందు గిటార్ పక్కన పెట్టించారు. అరచేతులు గుంటగా పెట్టి మెత్తగా చప్పట్లు కొట్టించారు. వీడియోలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరం కలిసి కొట్టడం కుదరదు. ఆయన చప్పట్లు రికార్డు చేసి పంపితే వాటి మీద నేను కొడతాను. షార్ట్‌హ్యాండ్‌లో సన్నగీతా లావుగీతా ఉంటాయి కదా, అలా పన్నెండు గీతలు గీసి ఐదు లావు చేసి గోడకి అంటించాను. కాగితం చూడకుండా కొట్టమని ఆయన గొడవ.

పెద్దవాళ్లు భయపడేది ఎడమచేతికి. ఒక్క వేలితో ఆరు తీగలూ అదిమి పట్టే ‘ఎఫ్’ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) దగ్గరే చాలామంది మానేస్తారు. ఫ్లమెంకోలో మొదటి తీగని వదిలేసి పట్టే ‘ఎఫ్’ మామూలే. ఆ తీగ మోగితేనే సొలెయాకి ఆ రుచి. తీగలు నైలాన్‌వి, చెక్కకి దగ్గరగా ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉంటే కాలు మీద కాలేసుకోనక్కర్లేదు, పాదం కింద చిన్న పీట చాలు.

పేరుమోసిన ఫ్లమెంకో గిటారిస్టు పాకో దె లుసియా వీడియోలు చూసి “ఆ స్పీడు మనకెక్కడొస్తుంది” అంటారు స్నేహితురాళ్లు. రాదు. ఆయన్ని తండ్రి పసితనం నుంచే కూర్చోబెట్టి సాధన చేయించాడు. నాకు కావలసింది ఒక గొంతు వెనకాల నిలబడడం. దానికి వేగం కన్నా వినడం ముఖ్యం. వినడంలో మాత్రం నాకు సీనియారిటీ ఉంది.

ఇంకొక్క మాట. ఫ్లమెంకో మన దేశం నుంచే వెళ్లిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. స్పెయిన్ జిప్సీల పూర్వీకులు ఉత్తర భారతం వైపు నుంచి వెళ్లినవాళ్లన్నది నిజం. ఆ పాట మాత్రం దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో, అక్కడి వాళ్లందరి మధ్యా పుట్టింది. దయచేసి ఆ వాట్సాప్ మాటని మీ అనుబంధంలో వేయకండి.

ఈసారి ఇలాంటి వ్యాసం రాయించేటప్పుడు డాక్టర్‌తోపాటు పెద్దవాళ్లకి పాఠం చెప్పే మాస్టారిని కూడా ఒకరిని అడగండి. మా ఊళ్లో అలాంటివాళ్లెవరైనా ఉంటే పేరు, ఫోన్ నంబరు వేయండి. కీబోర్డు చెప్పేవాళ్లు వద్దు.

– రిటైర్డ్ కోర్టు స్టెనోగ్రాఫర్, రాజమహేంద్రవరం