మీ అమ్మాయి వయసెంత?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏప్రిల్ వస్తే మా ఆఫీసు గది ముందు రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. పిల్లలను కొత్తగా చేర్చడానికి వచ్చేవారు కొందరు, పుట్టిన తేదీ మార్చమని వచ్చేవారు కొందరు. ఈ నెల ఉత్తరం రెండో రకం వారి కోసం. సత్ప్రవర్తన మీద రాయమని మా ఉపాధ్యాయులు అడిగారు. ఆ విషయం మీద మా గోడల నిండా సూక్తులున్నాయి, వాటిని చదివే పిల్లలు మాత్రం తక్కువ. అందుకే ప్రవేశాల రిజిస్టరులో ఉండే ఒకే ఒక్క గడి గురించి రాస్తున్నాను.

"రెండేళ్లు తగ్గించి రాయండి మేడమ్, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది." ఇది తాతల కాలం నుంచీ వస్తున్న మాటే. అడిగేవారు చెడ్డవారు కారు, పిల్లల మీద ప్రేమతోనే అడుగుతారు. అయితే అడిగే సమయానికి ఆ పిల్ల పక్కనే నిలబడి అంతా వింటూ ఉంటుంది. తన గురించి తనకు బాగా తెలిసిన నిజాల్లో వయసు ఒకటి. పెద్దవాళ్లిద్దరూ కూర్చుని దాన్ని బేరమాడుతుంటే ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది?

వేసవి సెలవుల్లో మనలో చాలామంది శ్రీకాకుళానికో విశాఖపట్నానికో రైలెక్కుతాం. అయిదేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కరలేదు. అయిదు నుంచి పన్నెండు లోపు పిల్లలకు వేరే బెర్తు తీసుకోకపోతే సగం ఛార్జీ. దాంతో రైలెక్కగానే పిల్లల వయసు తగ్గిపోతుంది! టికెట్ కలెక్టర్లూ తెలివైనవాళ్లే. వయసు అడగరు, "ఏ క్లాసు బాబూ?" అంటారు. పిల్లవాడు "ఏడో తరగతి" అని నిజం చెబితే తల్లి తొడ మీద గిల్లుతుంది. ఇంటికెళ్లాక ఆ కథ చెప్పుకుని అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో నిజం చెప్పినవాడు తెలివితక్కువవాడైపోతాడు. మన బరంపురం పిల్లలకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చని మనకు గర్వం. మూడింటిలోనూ తడుముకోకుండా అబద్ధమాడటం కూడా మనమే నేర్పాలా?

ఆటల పోటీల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. పద్నాలుగేళ్ల లోపు జట్టులోకి పదహారేళ్ల కుర్రవాణ్ణి తోస్తే, అక్కడ చోటు పోగొట్టుకునేది నిజం చెప్పిన ఇంటి పిల్లవాడు.

వయసు తగ్గించేవారే కాదు, పెంచేవారూ ఉన్నారు. ఆ పెంచడం ఎక్కువగా ఆడపిల్లల విషయంలో, పెళ్లి కోసం జరుగుతుంది, అది రైలు టికెట్ వ్యవహారం కాదు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పెళ్లినాటికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. మన గంజాం జిల్లాను 2022లో బాల్య వివాహాలు లేని జిల్లాగా ప్రకటించారు. పెళ్లికి ముందు వయసు రుజువు అడగడం, తోటి పిల్లకు పెళ్లి కుదిరిందని తెలియగానే అమ్మాయిలు ధైర్యంగా వచ్చి చెప్పడం ఆ ప్రకటన వెనుక ఉన్నాయి. అలా చెప్పిన రోజున ఆ పిల్లకు అండగా నిలిచే కాగితాల్లో మా రిజిస్టరు ఒకటి. ఉద్యోగం కోసం ఒకరికి తేదీ మార్చి ఇచ్చే బడి, ఇంకొకరి పెళ్లి ఆపడానికి అదే రిజిస్టరు చూపిస్తే ఎవరు నమ్ముతారు? అందుకే మారుస్తామని ఎవరికీ మాట ఇవ్వం. "మావాడి ఒక్కడికే కదా" అనేవారికి నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

మన ఊళ్లో 1894లో పుట్టిన వి.వి.గిరి పేరు చెప్పి, "చదువుకుంటే రాష్ట్రపతి అవుతావు" అని పిల్లలను ఉత్సాహపరుస్తుంటాం. నేను మాత్రం 1954 సంగతి చెబుతాను. అప్పుడాయన కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. అది సరికాదని ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. రాష్ట్రపతి కావడం అందరికీ సాధ్యం కాదు. సరికాదనుకున్న దాని నుంచి పక్కకు తప్పుకోవడం ఏడో తరగతి పిల్లవాడికి కూడా సాధ్యమే, ఇంట్లోవాళ్లు గిల్లకుండా ఉంటే.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. వాళ్లు మా బడికి వచ్చే నాటికి ఈ బేరాలు చాలావరకు ఆగిపోతాయి. రైల్లో ఆగుతాయో లేదో మీ చేతుల్లో ఉంది.

రిజిస్టరులో నిజంగానే తేదీ పొరపాటుగా పడిన వారు ఉంటే ఈ నెలలో ఏ శనివారమైనా మధ్యాహ్నం రండి. నగరపాలక సంస్థ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం అసలు ప్రతి తెచ్చుకోండి. దరఖాస్తు కాగితం ఆఫీసులో ఇస్తారు, రుసుము ఏమీ లేదు. పిల్లలను కూడా వెంటబెట్టుకు రండి. ఆ దరఖాస్తును వాళ్లచేతే పైకి చదివించి, ఆ తర్వాతే మీ సంతకం తీసుకుంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు