గుర్రం ఎక్కే బండిని ఎవరు చూస్తున్నారు?

సంపాదకుడు గారికి,

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లు లారీలకు బాడీలు కట్టాను. ఇసుక బండి, గడ్డి బండి, కోళ్ల బండి, ఏది అడిగితే అది కట్టాం. గుర్రాల కోసం బండి కట్టమని మా షెడ్డుకు ఒక్కరంటే ఒక్కరు రాలేదు. మాఘమాసం పెళ్లిళ్లప్పుడు హైదరాబాద్ నుంచి వస్తూ సూర్యాపేట దాటాక ఒక డాబా దగ్గర చూసిన సంగతే ఈ ఉత్తరం రాయిస్తోంది.

పికప్ వ్యాను వెనక ఒక తెల్ల గుర్రం. పెళ్లి బారాత్‌కు తీసుకెళ్తున్నారు. బండి సైడ్ డోర్లు దాని మోకాళ్ల దాకా కూడా లేవు. డ్రైవర్ కేబిన్ వెనక ఉండే ఇనుప చట్రానికి నైలాన్ తాడుతో తల పైకెత్తి బిగించి కట్టారు. డాబాలోకి తిరుగుతూ డ్రైవర్ బ్రేకు కొట్టాడు. గుర్రం ముందుకాళ్లు జారి మోకాళ్ల మీద కూలబడింది. లేవబోతే తాడు బిగుసుకుంటోంది, కాలు మోపిన చోటల్లా జారుతోంది. చివరికి వంటమనిషి ఉల్లిపాయలు కోసే కత్తి తెచ్చి తాడు కోశాడు. మోకాలి చర్మం లేచిపోయి రక్తం. గుర్రం వెంట వచ్చిన కుర్రాడు ఏడుపొక్కటే తక్కువ. "ఎనిమిదింటికల్లా కోదాడలో ఉండాలి పెద్దాయనా, లేటైతే డబ్బులివ్వరు" అన్నాడు. అతన్ని తిట్టబుద్ధి కాలేదు. బండి అతనిది కాదు, కిరాయిది. పొద్దున అందులో సిమెంటు వేశారట.

అలవాటు చొప్పున నేను ఫ్లోరు చూశాను. ఇనుప చెకర్డ్ ప్లేటు, అంటే గీతలు ఉబ్బిన రేకు. గుర్రం కాళ్లకేమో ఇనుప నాడాలు. మధ్యలో సిమెంటు దుమ్ము, దాని మీద మూత్రం. సిమెంటు బస్తాలకు అది మంచి ఫ్లోరే. బస్తాను తాడేసి లాగి కడితే కదలదు. గుర్రం అలా కాదు, దారి పొడవునా నిలబడే వస్తుంది. బ్రేకు పడ్డప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా కాళ్లు ఎడం చేసుకుని తనను తానే ఆపుకోవాలి. పైగా మూడు నాలుగు వందల కిలోల బరువు. అది ఒక పక్కకు ఒరిగితే చిన్న బండి కూడా ఒరుగుతుంది, పక్కన బైకు మీద పోయేవాడి మీద పడుతుంది. తల ఎత్తి కట్టడం ఇంకో తప్పు. గుర్రం తల దించితేనే ముక్కులో, గొంతులో చేరిన దుమ్ము బయటికి పోతుంది. గంటల తరబడి దించనివ్వకపోతే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది.

చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల్లో గుర్రాలకు ఒక అధ్యాయమే ఉంది. పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. కింద జారకుండా ఏదైనా పరవాలి. చుట్టూ మెత్తలు కట్టాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం వెదురు గెడ, వెనక గట్టి అడ్డకర్రలు పెట్టాలి. పక్కన పోయే బండ్లకు బెదరకుండా తల ఎడమవైపు ఉండాలి. రాసినవాళ్లెవరో గుర్రాన్ని దగ్గరగా చూసినవాళ్లే. గంటకు 35 కిలోమీటర్లు మించి నడపకూడదన్న మాట ఒక్కటే నాకు మింగుడు పడదు. నాలుగు లైన్ల హైవే మీద ఆ వేగంతో పోతే వెనక నుంచి లారీ వచ్చి గుద్దుతుంది.

2015లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 125-ఇ చేర్చారు. పశువులను తీసుకెళ్లే బండికి శాశ్వత పార్టిషన్లు ఉండాలి, గుర్రానికి 2.25 చదరపు మీటర్లు వదలాలి. మా షెడ్డు లెక్కలో చెప్పాలంటే సుమారు ఏడడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. 14 అడుగుల డీసీఎంలో, అంటే మధ్యరకం లారీలో, మూడు గుర్రాలు, మహా అయితే నాలుగు. ఆ బండికి రవాణా శాఖ ప్రత్యేక లైసెన్సు ఇవ్వాలి, అందులో వేరే సరుకు వేయకూడదు.

చిక్కంతా ఈ చివరి మాటతోనే. మలక్‌పేట రేసు గుర్రాలకు ర్యాంపులు, మెత్తటి గదులు ఉన్న వ్యాన్లు పెట్టుకునే స్తోమత యజమానులకు ఉంటుంది. ఒకటో రెండో గుర్రాలతో పెళ్లిళ్ల సీజన్లో బతికేవాడు వాటి కోసమే ఒక బండిని ఏడాదంతా ఎలా పోషిస్తాడు? కాబట్టి నిబంధన కాగితం మీద ఉంటుంది, గుర్రం సిమెంటు బండిలో పోతుంది. సర్టిఫికెట్ చూపించమని అడిగేవాళ్లు లేరు. రోడ్డు మీద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఓవర్‌లోడు చూస్తాడు, పర్మిట్ చూస్తాడు, గుర్రం కింద ఏముందో చూడడు.

పెద్దవాళ్ల వ్యవహారమూ అంత గొప్పగా ఏం లేదు. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను రోడ్డు మార్గాన జబల్‌పూర్ తరలించారు. చేరిన కొద్ది రోజుల్లోనే ఎనిమిది చనిపోయాయి. ఎందుకు చనిపోయాయన్నది తేల్చాల్సింది నేను కాదు. కానీ ఏడు వందల కిలోమీటర్లకు పైగా దూరం, మండుటెండల కాలం. 35 వేగంతో పోతే ఇరవై గంటలు దాటుతుంది. అంతసేపు నిలబడి చూడమనండి, ఎవరినైనా.

రెండు రాష్ట్రాల రవాణా కమిషనర్లకు నా విన్నపం ఒకటే. చిన్న యజమానుల కోసం, విప్పి పెట్టుకునే పార్టిషన్లను, గుర్రం లేనప్పుడు వేరే సరుకును ఒప్పుకునేలా 125-ఇ మార్చమని కేంద్రానికి రాయండి. రబ్బరు మ్యాటు, ఛాతీ ఎత్తు పైపు ఫ్రేము, మడిచే ర్యాంపు, అడ్డకర్రలు. మామూలు డీసీఎంకు ఇవి బిగించడం ఏ షెడ్డులోనైనా నాలుగైదు రోజుల పని. పెళ్లి అయ్యాక విప్పేస్తే మళ్లీ సిమెంటు వేసుకోవచ్చు. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వచ్చినప్పుడు ఆ ఫ్రేము బిగించి చూపించాలని పెట్టండి, ఆర్‌సీలో ఆ సంగతి రాయండి. ర్యాంపు మాత్రం మరిచిపోవద్దు. ఇప్పుడు మట్టిదిబ్బకు వెనక డోరు ఆనించి ఎక్కిస్తున్నారు, దిబ్బ దొరకని చోట దూకిస్తున్నారు.

కొలతలతో డ్రాయింగ్ గీసి పెట్టాను. ఏ షెడ్డు వాళ్లు వచ్చి అడిగినా ఇస్తాను, డబ్బులేం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాత బాడీ బిల్డర్,
ఆటోనగర్, విజయవాడ