ముందే తెలుసుకునే హక్కు

సంపాదకులకు నమస్కారం.

2009లో ఇంగ్లండ్‌లోని సాల్‌ఫోర్డ్‌లో క్లేర్ వుడ్ అనే మహిళను ఆమె మాజీ భాగస్వామి చంపేశాడు. అంతకుముందు కూడా అతను ఆడవాళ్లను హింసించాడని పోలీసు రికార్డుల్లో ఉంది. ఆమెకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఆమె తండ్రి పట్టుబట్టి పోరాడాక, 2014లో ఇంగ్లండ్, వేల్స్ అంతటా 'క్లేర్స్ లా' (క్లేర్ చట్టం) అని పిలిచే పథకం అమల్లోకి వచ్చింది.

తమ భాగస్వామికి ఇలాంటి హింస చేసిన గతం ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్లు దీని కింద పోలీసులను అడగొచ్చు. తల్లిదండ్రులు, స్నేహితులు కూడా అడగొచ్చు. అయితే వివరాలు చెప్పేది సాధారణంగా ప్రమాదంలో ఉన్న మనిషికే, అదీ గోప్యంగా. ఎవరూ అడగకపోయినా, ముప్పు ఉందనిపిస్తే పోలీసులే వచ్చి చెప్పవచ్చు. నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే భయపడుతున్న మనిషి తనంతట తాను ముందుగా అడగలేకపోవచ్చు.

నా స్నేహితురాలు ఎండాకాలంలోనూ ఫుల్ హ్యాండ్స్ వేసుకొచ్చేది. ఒకరోజు చేతులు కడుక్కుంటుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ల గుర్తులు. "తలుపు తగిలింది" అంది. ఆమె భర్తను అతని మొదటి భార్య ఎందుకు వదిలి వెళ్లిపోయిందో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ పథకంతో ఒక చిక్కుంది. ఫిర్యాదే చేయని హింస రికార్డుల్లో ఉండదు. "చెప్పాల్సిందేమీ లేదు" అన్న జవాబును మంచివాడనే సర్టిఫికెట్‌గా తీసుకోకూడదు. ఆ మాట అడిగినవాళ్లకు అక్కడే, అప్పుడే విడమరచి చెప్పాలి. నిజం తెలిశాక ఆ మహిళ ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో కూడా చూపించాలి.

– ఒక పాఠకురాలు