రిపోర్టుతో పాటు నాలుగు మాటలు చెప్పాలి

సంపాదకుడి గారికి,

పదకొండేళ్లుగా గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈమధ్య ఒక కుర్రాడు రెండు నెలల్లో ఐదుసార్లు మా దగ్గర హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్నాడు. కండోమ్ వాడాడట, అది చిరగనూ లేదు. అయినా కంటిమీద కునుకు లేదు. కాస్త ఒళ్లు వెచ్చబడినా, నాలుక తెల్లగా కనిపించినా అదేనని టెన్షన్. ప్రతిసారీ నెగెటివే వచ్చింది. డబ్బులు తీసుకుని కాగితం చేతిలో పెట్టడమే తప్ప అతన్ని కూర్చోబెట్టి మేమెవరమూ మాట్లాడలేదు. అందులో నా తప్పూ ఉంది.

చెప్పాల్సింది ఎంతో లేదు. కండోమ్ మొదటి నుంచి చివరి దాకా సరిగ్గా ఉంటే హెచ్ఐవీ సోకే అవకాశం చాలా చాలా తక్కువ. చిరిగిందనో జారిందనో అనుమానం ఉంటే 72 గంటల్లోపే ఏఆర్‌టీ కేంద్రానికి, అంటే హెచ్ఐవీకి మందులిచ్చే ప్రభుత్వ కేంద్రానికి వెళ్లాలి. డాక్టర్ చూసి, అవసరమైతే వైరస్ సోకకుండా 28 రోజుల మందులు మొదలుపెడతారు. ఎంత తొందరగా వెళితే అంత మంచిది. పరీక్ష సంగతి వేరు. మూడో రోజున చేయించుకుంటే అది ఏమీ తేల్చదు, వైరస్ ఆనవాళ్లు రక్తంలో కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష (వైరస్ భాగాన్నీ, దానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలనూ కలిపి వెతికేది) 45 రోజుల తర్వాత, వేలికొన నుంచి చుక్క తీసి చేసే ర్యాపిడ్ పరీక్ష 90 రోజుల తర్వాత నెగెటివ్ వస్తే ఆ భయాన్ని అక్కడితో వదిలేయొచ్చు. మొదటి రోజే ఆ తేదీ రాసిచ్చి ఉంటే ఆ పిల్లాడు అన్ని రాత్రులు నలిగిపోయేవాడు కాదు.

పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలని 2017 నాటి హెచ్ఐవీ చట్టమే చెబుతోంది. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీల్లో, అంటే హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్లు ఉన్నారు, పరీక్ష ఉచితం, వివరాలు బయటికి పోవు. కానీ తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని, డ్యూటీకి సెలవు పెట్టాలని కుర్రాళ్లు అటు వెళ్లకుండా మాలాంటి ల్యాబులకు వస్తారు. ఐసీటీసీలు వారానికి రెండు రోజులైనా సాయంత్రాలు తెరిచి ఉంచాలి. ప్రైవేటు ల్యాబుల్లో కౌన్సెలింగ్ జరుగుతోందో లేదో వైద్యశాఖ తనిఖీ చేయాలి. హెచ్ఐవీ సందేహాలకు జవాబిచ్చే 1097 టోల్ ఫ్రీ నంబరు ప్రతి ల్యాబ్ కౌంటర్ దగ్గరా, హాస్టళ్లలోనూ కనబడాలి.

మా కౌంటర్ పక్కన పోయిన వారమే ఆ నంబరు చేత్తో రాసి అంటించాను. అప్పుడే ఇద్దరు ముగ్గురు దాన్ని ఫోటో తీసుకున్నారు.

- ఒక ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు