నిద్రలో గుండెదడకు ‘ఒత్తిడి’ అని పేరుపెట్టిన మీ వాచీపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగానికి,
యాప్‌లో ఆరోగ్య ఫీచర్లు తయారుచేసే బృందానికి,

విషయం: నెలల తరబడి థైరాయిడ్ గుండెదడను మీ యాప్ ‘అధిక ఒత్తిడి’గా చూపించడం, పాత వివరాలను డబ్బు కట్టేదాకా తాళం వేసి ఉంచడం గురించి.

అయ్యా / అమ్మా,

మీ వాచీ నా గుండె వేగాన్ని తప్పుగా లెక్కపెట్టిందని నేను అనడం లేదు. ఈసీజీ తీసినప్పుడు ఆ కాగితం మీద పడిన అంకెకూ, నా మణికట్టు మీద కనిపించిన అంకెకూ పెద్ద తేడా లేదు. నా గొడవంతా ఆ అంకెకు మీరు తగిలించిన పేరుతోనే. రాత్రిళ్ళు నా గుండె పరుగులు పెడుతుంటే మీ యాప్ దాన్ని ఒత్తిడి అంది. రక్తపరీక్ష థైరాయిడ్ అంది. గ్రేవ్స్ వ్యాధి అని తేలింది, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టి హార్మోన్ ఎక్కువ చేయించే జబ్బు. మందులు వాడుతున్నాను.

ఇంతకు ముందు ఇదే విషయం క్లుప్తంగా రాస్తే మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఇది: వాచీని కాస్త బిగుతుగా కట్టుకోండి, వెనకవైపు మెత్తటి గుడ్డతో తుడవండి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. నేను రాసింది ఎవరూ చదవలేదని అర్థమైంది. అందుకే ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

మొదట్లో దడ పక్క మీద వాలాకే తెలిసేది. పగలు పనిలో పడితే గుండె సంగతి ఎవరికి గుర్తుంటుంది? రాత్రి అంతా సద్దుమణిగాక ఎడమ పక్కకు తిరిగితే దిండులోంచే చప్పుడు వినిపించేది. రానురాను నిద్రలోంచే లేపేయడం మొదలుపెట్టింది. మెడ కింద చెమట, గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టు. సరిగ్గా అప్పుడే మీ వాచీ జుయ్యిమని అదిరేది. ‘మీరు ఒత్తిడిలో ఉన్నట్టున్నారు. ఒక్క నిమిషం శ్వాస మీద ధ్యాస పెడదామా?’ కింద ఒక నీలం వలయం ఉబ్బుతూ, తగ్గుతూ ఉండేది. దాంతోపాటే పీల్చి వదిలేదాన్ని. వలయం ఆగేది, దడ ఆగేది కాదు. అయినా చివర్లో ‘శభాష్!’ అంటూ ఓ పతకం బొమ్మ. నా ఖాతాలో అలాంటి పతకాలు బోలెడు పడున్నాయి, కావాలంటే వెనక్కి తీసుకోండి.

ఇంట్లో చెబితే మా చెల్లెలు నా ఫోన్ అందుకుని, యాప్‌లో ఎర్రటి పట్టీ చూసి, ‘ఊరికే హైరానా పడతావేంటక్కా, నీకు టెన్షనని వాచీ కూడా చెబుతోందిగా’ అంది. ఆడది గుండెదడ అంటే టెన్షన్ అని తోసిపారేయడం లోకంలో కొత్తేమీ కాదు. దానికి మీరు రంగుల గ్రాఫుతో సాక్ష్యం పలికారు. ఈలోగా ఆకలి పెరిగింది, బరువు తగ్గింది. నలుగురూ చలి అంటుంటే నాకు ఒక్కదానికే ఉక్కపోత. దువ్వెన నిండా జుట్టు. బరువు తగ్గినందుకు కూడా మీ యాప్ అభినందనలు చెప్పింది, అదో ముచ్చట.

చివరికి చూపించుకున్న డాక్టరమ్మ నన్ను చేతులు ముందుకు చాచమన్నారు. చాచిన వేళ్ళ మీద ఒక తెల్లకాగితం పరిచారు. నేనెంత బిగబట్టినా కాగితం అంచు సన్నగా వణుకుతూనే ఉంది. తర్వాత మెడ తడిమి, గుటక వేయమని, ‘నిద్రలో నాడి ఎంత ఉంటోందో మీకేమైనా తెలుసా?’ అని అడిగారు. ఫోన్ తీసి మీ యాప్ తెరిచాను. మీరు ముందు పెట్టిన ఒత్తిడి పేజీని ఆవిడ వేలితో పక్కకు నెట్టేసి, గుండె వేగం పేజీలో తెల్లవారుజాము గంటల దగ్గర ఆగారు. 94, 97, 92. ‘గాఢనిద్రలో కూడా ఇంతా!’ అన్నారు.

ఆవిడ అక్కడే ఎందుకు ఆగారో మీ బృందం తెలుసుకోవాలి. కంగారు వల్ల వచ్చే దడ మనిషికి నిద్ర పట్టగానే నెమ్మదిస్తుంది. మామూలుగానే నిద్రలో గుండె పగటికంటే నిదానంగా కొట్టుకుంటుంది. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైన ఒంట్లో అలా జరగదు. రక్తంలో ఉన్న టీ4 (థైరాయిడ్ గ్రంథి వదిలే ప్రధాన హార్మోన్) సగానికి తగ్గాలంటేనే వారం దాకా పడుతుంది, కాబట్టి దానికి రాత్రీ పగలూ ఒకటే. దాన్నుంచి తయారయ్యే, ఇంకా చురుకైన హార్మోన్ టీ3 నేరుగా గుండె కణాల మీద పనిచేసి వేగం పెంచుతుంది, అడ్రినలిన్‌కు గుండె మరింత గట్టిగా స్పందించేలా చేస్తుంది. అందుకే కంగారునూ థైరాయిడ్‌నూ విడదీసి చూడటానికి, నిద్రలో నాడి లెక్కపెట్టడం డాక్టర్లకు ఎప్పటినుంచో తెలిసిన ఉపాయం. ఒకప్పుడు అందుకోసం ఒక నర్సు వచ్చి, పడుకున్న మనిషి లేవకుండా మణికట్టు పట్టుకోవాల్సి వచ్చేది. ఆ పని మీరు ప్రతి రాత్రీ, రాత్రంతా చేస్తున్నారు. చేసి, వచ్చిన అంకెలను ఒత్తిడి ఖాతాలో వేస్తున్నారు!

ఆ ఒత్తిడి అంకె ఎక్కడ్నుంచి వస్తుందో మీ సహాయ పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. వాచీ వెనక ఆకుపచ్చ వెలుగు చర్మంలోకి పోయి, ప్రతి గుండె చప్పుడుకూ రక్తం ఎలా పొంగుతుందో పట్టుకుంటుంది. ఒక చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ మధ్య వ్యవధిలో హెచ్చుతగ్గులు ఉంటాయి, దాన్నే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. ఆ హెచ్చుతగ్గులు తగ్గిపోతే మీరు ఒత్తిడి అని రాస్తారు. మనసు బాగోలేకపోతే అవి తగ్గుతాయి, నిజమే. జ్వరమొచ్చినా తగ్గుతాయి, మద్యం తాగినా తగ్గుతాయి, థైరాయిడ్ ఎక్కువైనా తగ్గుతాయి. వాచీకి తెలిసింది హెచ్చుతగ్గులు తగ్గాయని మాత్రమే. అంతవరకు రాస్తే నాకు అభ్యంతరం లేదు. మనసుకు సంబంధించిన మాట తెచ్చి అతికించడం రోగనిర్ణయం చేయడమే. ‘ఇది వైద్య పరికరం కాదు’ అని పెట్టె మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత తప్పిపోదు.

‘గుండె వేగం ఎక్కువైతే అలర్టు వస్తుంది కదా’ అని మీరు అనవచ్చు. చూశాను. కదలకుండా ఉన్నప్పుడు 120 దాటితేనే అది మోగుతుంది. నాది దాటలేదు. నిద్రలో 58, 60 దగ్గర ఉండే నా గుండె నెమ్మదిగా 70కి, 80కి, చివరికి 90 పైకి పోయింది. 100 లోపే ఉంది కాబట్టి మీ పట్టీ ‘సాధారణం’ అని పచ్చగా వెలిగింది. 60 నుంచి 100 అనేది మెలకువగా, విశ్రాంతిగా కూర్చున్న పెద్దవాళ్ళ లెక్క. అదే కొలత నిద్రపోయే మనిషికి పెడితే ఎలా? నా పాత అంకెలు మీ దగ్గరే ఉన్నాయి. నాతో నన్ను పోల్చి చూడటానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

గుండెదడకూ థైరాయిడ్‌కూ ఉన్న చుట్టరికం నిన్నామొన్నా బయటపడింది కాదు. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్, మెడ ముందు గ్రంథి ఉబ్బి, గుండె విపరీతంగా కొట్టుకునే ముగ్గురు స్త్రీల గురించి రాశారు. నా జబ్బుకు ఆయన పేరే. 1840లో జర్మనీలో కార్ల్ ఫాన్ బాసెడో మూడు లక్షణాలు జతచేసి చెప్పారు: ఉబ్బిన గ్రంథి, ముందుకు పొడుచుకొచ్చిన కళ్ళు, గుండెదడ. మీ యాప్‌లో ‘గుండెదడ’ అని వెతికితే వచ్చిన వ్యాసాల్లో ధ్యానం ఉంది, పడుకునే ముందు వినాల్సిన సంగీతం ఉంది, కాఫీ ఉంది. థైరాయిడ్ అనే మాట మాత్రం లేదు.

రక్తపరీక్షలో నా టీఎస్‌హెచ్ 0.01 కన్నా తక్కువ వచ్చింది. థైరాయిడ్‌ను పనిచేయమని పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్ అది, థైరాయిడ్ ఎక్కువైతే పడిపోతుంది. చాలా ల్యాబుల్లో మామూలు హద్దు దాదాపు 0.4 నుంచి 4. ఫ్రీ టీ4 (రక్తంలో ప్రొటీన్లకు అంటుకోకుండా విడిగా తిరిగే టీ4) బాగా ఎక్కువ. కార్బిమజోల్, దాంతోపాటు గుండె వేగం తగ్గించే ప్రోప్రనలాల్ రాశారు. ప్రోప్రనలాల్ రాసేముందు ఆస్తమా ఉందా అని అడిగారు, ఉంటే అది ఊపిరికి ఇబ్బంది పెడుతుంది. దడ ముందు దానితోనే తగ్గింది. కార్బిమజోల్ కొత్త హార్మోన్ తయారీని ఆపుతుందే తప్ప, గ్రంథిలో అప్పటికే నిల్వ ఉన్నది ఖర్చవడానికి వారాలు పడుతుందని చెప్పారు.

ఆ పరీక్షకు ముందు ఇంకో తిరకాసు వచ్చింది, దానికీ మీరే కారణం. యాప్ డైరీలో ‘జుట్టు రాలుతోంది’ అని రాసుకున్న మర్నాడే, యాప్‌లోని మీ దుకాణం జుట్టుకు బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు చూపించింది. కొన్నాను. ‘జుట్టుకు మాత్రలేమైనా వేసుకుంటున్నారా?’ అని డాక్టరమ్మ అడగబట్టి సరిపోయింది. పెద్దవాళ్ళకు రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు, ఆ మాత్రలో ఉన్నది 10 మిల్లీగ్రాములు, అంటే మూడు వందల రెట్ల పైమాటే. అంత మోతాదు రక్తంలో ఉంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా కనిపిస్తాయి. అచ్చం నా జబ్బులాగే! నాకు నిజంగానే జబ్బుంది, మాత్రలు ఆపి రక్తం ఇచ్చాక కూడా అదే తేలింది. జబ్బు లేనివాళ్ళ గతేమిటి? అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ బయోటిన్ వల్ల ల్యాబ్ ఫలితాలు తారుమారవుతాయని 2017లో ఒకసారి, 2019లో మరోసారి హెచ్చరించింది. మీ దుకాణంలో ఆ మాత్రల పేజీలో ఒక్క ముక్క లేదు.

ఇక డబ్బు సంగతి. నాడి ఎప్పట్నుంచి పెరగడం మొదలైందో చూద్దామని డాక్టరమ్మ పాత నెలల రాత్రులు అడిగారు. వారం దాటిన వివరాలు కావాలంటే ప్రీమియం సభ్యత్వం తీసుకోమంది యాప్. నా గుండె, నా మణికట్టు, నేను కొనుక్కున్న వాచీ. ఆవిడ బల్ల ముందు కూర్చునే కార్డు నంబరు కొట్టి కట్టాను, వెనక ఇంకో పేషెంటు ఎదురుచూస్తుంటే. అదీ ఒక పేజీగా అచ్చు తీసుకునే వీల్లేదు. ఒక్కో రాత్రీ వేలితో జరిపి చూపించాల్సి వచ్చింది.

నాకంటే ఎక్కువ భయం పెద్దవయసు వాళ్ళ గురించి. ‘అమ్మానాన్నలకు కానుకగా ఇవ్వండి’ అని మీరే ప్రకటనలు వేస్తున్నారు. ఆ వయసులో థైరాయిడ్ ఎక్కువైనా వణుకూ చెమటా లేకుండా, నీరసమూ దడా మాత్రమే ఉండవచ్చు. గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోకి జారితే, రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అరవై దాటినవాళ్ళలో టీఎస్‌హెచ్ బాగా పడిపోయిన వారికి పదేళ్ళలో ఆ లయ తప్పే ముప్పు మూడు రెట్లని అమెరికాలో ఏళ్ళ తరబడి సాగుతున్న ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనం పరిశోధకులు 1994లోనే ప్రచురించారు. థైరాయిడ్ తక్కువై మాత్ర వేసుకునేవాళ్ళు ఎంతమంది లేరు? మోతాదు కాస్త ఎక్కువైతే వాళ్ళకూ ఇదే దడ. అలాంటి ఒక పెద్దావిడ రాత్రి లేచి కూర్చుంటే, ఆవిడ ముందు కూడా నీలం వలయమే పెడతారా?

రాత్రిదడ అంతా థైరాయిడేనని నేను అనడం లేదు. రక్తహీనత కావచ్చు, నెలసరి ఆగే వయసు కావచ్చు, గుండెదే ఏదైనా కావచ్చు, నిజంగా కంగారే కావచ్చు. వాచీ అది తేల్చాలని ఎవరూ అడగరు. నేను అడిగేది ఇంతే: ఒత్తిడి అన్న పేరు తీసేసి, కొలిచింది ఏమిటో అది రాయండి. నిద్రలో గుండె వేగం ఆ మనిషి పాత అలవాటుకంటే వారాల తరబడి ఎక్కువగా ఉంటే, డాక్టర్‌ను కలవమని, థైరాయిడ్ పరీక్ష గురించి అడగమని చెప్పండి. దడతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే వెంటనే ఆస్పత్రికి పొమ్మనే మాట శ్వాస వ్యాయామం కంటే ముందు రావాలి. పాత వివరాలన్నీ ఉచితంగా, డాక్టర్ చేతికి ఇవ్వగలిగేలా ఒక కాగితం మీదికి రావాలి. బయోటిన్ మాత్రల పేజీలో హెచ్చరిక పెట్టండి, లేదా అమ్మడం మానండి. ప్రీమియానికి నేను కట్టింది, ఆ మాత్రలకు పెట్టింది తిరిగి ఇవ్వండి.

వాచీ మాత్రం వాపసు ఇవ్వను. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి రాత్రి అంకెలు డాక్టరమ్మకు ఇంకా కావాలి. ఒత్తిడి నోటిఫికేషన్ ఆపేద్దామని సెట్టింగులన్నీ గాలించాను, ఆ బటన్ ఎక్కడుందో కూడా దయచేసి చెప్పండి.

ఈసీజీ, రెండు రక్తపరీక్షల నివేదికలు, ప్రీమియం రసీదు, మీ నుంచి వచ్చిన పాత జవాబు జతచేశాను. ఈ ఉత్తరం మొత్తం చదివిన మనిషి ఎవరో వాళ్ళ పేరుతోనే, నెలలోపు జవాబు రావాలి. రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు