కుంగుతున్న గోడ మీద బెంచ్‌మార్కు

సంపాదకులు గారికి,

మేడిగడ్డ బ్యారేజీ మీద ఇన్నాళ్లుగా మీ పేపర్లో వస్తున్నవన్నీ చదువుతున్నాను. 2023 అక్టోబరు 21 సాయంత్రం ఏడో బ్లాకులో పియర్లు (గేట్ల మధ్య నిలబడే కాంక్రీటు స్తంభాలు) కుంగినప్పటి నుంచి డిజైన్ ఎవరిది, కాంట్రాక్టరు ఎవరు, కింద ఇసుక ఎటు పోయింది, అన్నీ అడిగారు. లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం) పట్టుకుని ముప్ఫై ఏళ్లు ఎండలో తిరిగినవాణ్ణి కాబట్టి నా ప్రశ్న వేరు. ఆ పియర్ల మీద అంతకుముందు ఏడాది, దానికి ముందు ఏడాది తీసిన రీడింగులు ఏవి? తీసి ఉంటే ఏం చెప్పాయి?

రీడింగులు తీస్తే చాలదు, ఎక్కడ నిలబడి తీశామన్నది అసలు సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెరువు కట్ట (పేరెందుకులెండి) మీద ఏటా లెవెల్స్ తీసేవాళ్లం. బెంచ్‌మార్కు, అంటే ఎత్తులన్నీ దేన్నుంచి కొలుస్తామో ఆ గుర్తు, కట్ట పక్కనే తూము గోడ మీద పెయింటుతో వేసి ఉండేది. మూడేళ్లు వరసగా కట్ట పైకి లేస్తున్నట్టు లెక్క వచ్చింది, మేమూ అలాగే రాసి పంపాం! మట్టి కట్ట పైకెలా లేస్తుందిరా అని మా పెద్ద సర్వేయర్ గారు నవ్వి, రెండు కిలోమీటర్ల అవతల గుట్ట మీద రాతిలో చెక్కిన గుర్తు నుంచి ఫ్లై లెవెలింగ్ (మధ్యలో ఆగుతూ ఎత్తును అంచెలంచెలుగా కొలుచుకు రావడం) చేసుకుంటూ రమ్మన్నారు. కట్ట ఎక్కడిదక్కడే ఉంది. కుంగుతున్నది తూము.

అందుకే ఒక్క గుర్తుని నమ్మకూడదు. కట్టడానికి దూరంగా, రెండు గట్లనా గట్టి నేలలో ఐదారు సర్వే పిల్లర్లు కట్టి, ముందు వాటినే ఒకదానితో ఒకటి కొలిచి, ఆ తర్వాత పియర్ల మీద బిగించిన ప్రిజాలను (కాంతిని తిప్పి పంపే గాజు గుర్తులు) ఒక్కోదాన్ని కనీసం రెండు మూడు పిల్లర్ల నుంచి టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే పరికరం) చూస్తే, రేపు పిల్లరే కదిలినా లెక్కలో దొరికిపోతుంది. జీపీఎస్ ఉందిగా అంటారు. పక్కకి జరిగితే బాగానే పట్టుకుంటుంది, ఎత్తులో మాత్రం మంచి లెవెల్‌తో సాటి రాదు. ఇంకోటి, కొలతలో మూడు మిల్లీమీటర్ల తేడా మామూలే అయినప్పుడు రెండు మిల్లీమీటర్లు కదిలిందని టెన్షన్ పడక్కర్లేదు. కాంక్రీటు డ్యామ్ నీళ్లు నిండితే కాస్త కిందివైపు వంగుతుంది, ఖాళీ అయితే వెనక్కొస్తుంది. తిరిగి రాకుండా ఏటికేడాది అటే పోతుంటే అప్పుడు భయపడాలి.

స్విట్జర్లాండ్‌లో 156 మీటర్ల జ్యూజియే డ్యామ్ ఇరవై ఏళ్లు బుద్ధిగా నిలబడి, 1978లో ఉన్నట్టుండి ఎన్నడూ లేని తీరులో కదలడం మొదలెట్టింది. గోడలో వేలాడే లోలకం ముందు పసిగట్టింది, తర్వాత చుట్టూ సర్వే చేస్తే లోయ రెండు వైపులా దగ్గరకు జరుగుతున్నట్టు, డ్యామ్ కింద నేల కూడా దిగుతున్నట్టు తేలింది. కారణం సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో రోడ్డు కోసం తవ్వుతున్న పరిశీలన సొరంగం! కొండలోని నీళ్లు అందులోకి కారిపోయి నేల కుంగింది. జలాశయం ఖాళీ చేశారు, పగుళ్లు పూడ్చారు, డ్యామ్ దక్కింది. డ్యామ్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే ఆ సొరంగం ఎవరికీ తట్టేది కాదు.

2021 డ్యామ్ సేఫ్టీ చట్టం కూడా పరికరాలు పెట్టాలి, రీడింగులు రాసి ఉంచాలి అనే చెప్తోంది. రాసి ఉంచినవి జనానికి చూపించడానికి ఏం అడ్డం? వానాకాలంలో మీరు రోజూ ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, ఎత్తిన గేట్లు వేస్తారు కదా. అలాగే వానలకు ముందోసారి, తర్వాతోసారి ఏ పియరు ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో, ఏ గుర్తు నుంచి కొలిచారో అధికారులను అడిగి ఒక చిన్న పట్టిక వేయండి. గుర్తు ఎక్కడుందో మాత్రం తప్పకుండా అడగండి.

- ఒక రిటైర్డ్ సర్వేయర్, హన్మకొండ